కొల్లేటి సీమలో పేరు, పట్టిక

ఏలూరునుండి దక్షిణముగా కొల్లేటి లంకలలోనికి పోయినచో వడ్డీలు అను పేరు వినిపించును. తరతరములుగా వలవేసి, మావులు పెట్టి, దోనెలపై తిరిగి, చేపలు పట్టి బ్రదికినవారు వీరు. అదే ఏలూరునుండి ఉత్తరముగా మెట్టకు పోయినను, తాడేపల్లిగూడెము దాటి ఎఱ్ఱనేలల వైపు నడచినను వడ్డెరలు అను మాట చెవినిబడును. వీరు రాయి కొట్టువారు; చెరువులు, కాలువలు తవ్వువారు. ఒకరి చేతిలో వల, మరియొకరి చేతిలో గునపము. వృత్తి వేరు, నివాసము వేరు. అయినను ప్రభుత్వమువారి వెనుకబడిన తరగతుల పట్టికలో ‘ఎ’ వర్గమున వీరందరికిని ఒకటే పంక్తి: ఒడ్డె, ఒడ్డిలు, వడ్డి, వడ్డెలు.

తుంగభద్ర దాటి కర్ణాటకమునకు పోయినచో ఇదే ఒడ్డె, వడ్డర్ అను పేర్లు షెడ్యూల్డు కులముల పట్టికలో, భోవి అను పేరు ప్రక్కన కనబడును. ఇచట వెనుకబడిన తరగతి, అచట షెడ్యూల్డు కులము. ఇక తమ్ము షెడ్యూల్డు తెగలలో చేర్పవలెనని చాలకాలముగా కోరుచున్న వడ్డెర సంఘములు మరియొక ప్రక్క. ఒకే పేరునకు ఇన్ని గతులెట్లు కలిగినవి? ఆ పేరుగలవారి పుట్టుపూర్వోత్తరములు వెదకినంత మాత్రమున దీనికి సమాధానము దొరకదు. కాగితముల చరిత్రను వెదకవలెను. ఆ కాగితములను ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఏ సరిహద్దు గీతకు ఈవల నిలిచి వ్రాసిరి అనునదియే నేటి మన విషయము.

ముందుగా కొల్లేటిని గూర్చి నాలుగు మాటలు. కృష్ణా గోదావరుల నడుమ, రెండు డెల్టాలు కలియు పల్లమున నిలిచిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీనిలో కలియును. లోపలికి వచ్చిన నీరు ఉప్పుటేరు వెంబడి సముద్రమునకు పోవును. క్రీ. శ. 634 నాటి ఐహొళె శాసనములో రెండవ పులకేశి యుద్ధమును వర్ణించుచు చెప్పిన కునాల జలము ఈ సరస్సేయని పండితుల అభిప్రాయము. ప్రక్కనే వేంగి. పెదవేగి దిబ్బలను చూచినవారికి ఈ సీమ ఎన్ని రాజవంశముల చేతులు మారినదో చెప్పనక్కరలేదు. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు, ఆ తరువాత కాకతీయులు, రెడ్లు. పదునైదవ శతాబ్దిలో ఓఢ్ర గజపతులు. వారి వెనుక కృష్ణరాయలు, గోలకొండ సుల్తానులు.

కొల్లేటి ప్రజల నోట మిగిలినది గజపతుల కథ. సరస్సు నడుమ కొల్లేటికోటలో గజపతి సేన నిలిచెననియు, శత్రువు ఒడ్డున చిగురుకోటలో విడిసి, నీరు సముద్రమునకు పోయి కోటకు దారి ఏర్పడునట్లు కాలువ తవ్వింపబూనెననియు, అప్పుడు గజపతి సేనాని జయము కొఱకు తన కూతునే దేవతకు బలి ఇచ్చెననియు, అందువలన ఆ కాలువకు పేరంటాల కనుమయను పేరు వచ్చెననియు చెప్పుదురు. ఇది ఐతిహ్యము; చరిత్రకారుడు దీనిని యథాతథముగా గ్రహింపజాలడు. కాని కొల్లేటి వడ్డీలలో తాము ఆ గజపతి సైనికుల సంతతియను నమ్మకమునకు ఈ కథయే ఆధారము. ఒడ్డె, వడ్డె యను మాటలు ఓడ్ర శబ్దమునకు సంబంధించినవనుట భాషాశాస్త్రమునకును సమ్మతమే. కొల్లేటికోటలోని పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు వచ్చు జనమును చూచినచో, ఈ కథ పుస్తకములలో కంటె అచటనే ఎక్కువ భద్రముగా ఉన్నదని తోచును.

సైనికుల సంతతియని చెప్పుకొనుట ఒక గౌరవపు మాట. మా తాతలు కత్తి పట్టిరి, కాలము మారి వల పట్టితిమి అని దాని అర్థము. తెలుగునాట చాల కులముల పుట్టుకకథలు ఇట్టివే. అయితే పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ కథలకు క్రొత్త శ్రోత దొరికెను. అతడు జనాభా లెక్కల గుమాస్తా. 1871లో మొదలైన లెక్కలలో ప్రతి మనిషికి ఒక కులము పేరు వ్రాయవలసి వచ్చెను. అంతకుముందు ఊరిలో ఒక పేరు, పొరుగూరిలో మరియొక పేరు, తమలో తాము పిలుచుకొనునది ఇంకొకటి ఉండి చెల్లినవి. కాగితమున చెల్లవు, అచట ఒక గడిలో ఒకే మాట పట్టును.

1891 మద్రాసు జనాభా నివేదిక ఒడ్డెలను గూర్చి చెప్పినది క్లుప్తముగా ఇది: వీరు దేశమునకు మట్టిపనివారు, తెలుగు మాటలాడువారు, పేరునుబట్టి ఓఢ్రదేశమునుండి వచ్చినవారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ తన ఏడు సంపుటముల గ్రంథములో ఈ మాటనే ఉదాహరించి, రాతి వడ్డెలని, మన్ను వడ్డెలని వారిలోని శాఖలను వివరించెను. ఆనాటి దొరలకు కనబడిన ఒడ్డె గునపముతో ఉన్న ఒడ్డెయే. అది సహజమే. మద్రాసు రాజధానిలో కాలువలు తవ్విన చేతులలోను, రైలుకట్టలు పోసిన చేతులలోను వడ్డెల చేతులు ముఖ్యమైనవి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఈ సీమను కాలువలమయము చేసిన పని ఎంతటిదో, ఏలూరు కాలువ గట్టున నిలిచి చూచినవారికి తెలియును. దొరలు కొల్లేటికి పోయినది పక్షుల వేటకు. లంకలలో వలవేయు వడ్డీ వారి పుస్తకములలో అంతగా నిలువలేదు. పేరొకటే గనుక గునపపు వడ్డె క్రిందనే జమయయ్యెను.

కులము పేరు వ్రాసికొనుటతో ఆగిపోయినచో ఇంత కథ లేదు. కొన్ని పేర్లకు చట్టము తగిలెను. తాడేపల్లిగూడెము, ఏలూరు ప్రాంతముల ఎరుకలవారిని చూడుడు. బుట్టలల్లుట, ఎరుక చెప్పుట, ఉప్పు ధాన్యములను పశువులపై వేసికొని ఊరూర మారకము చేయుట వారి పూర్వపు వృత్తులు. రైలు వచ్చి ఆ మారకము పడిపోయెను. ఉప్పు సర్కారు ఇజారా అయ్యెను. అటుపిమ్మట 1911లో నేరస్థ జాతుల చట్టము మద్రాసు రాజధానికి వర్తించెను. బాపట్ల చేరువ స్టూవర్టుపురములో వారికై ఒక సెటిల్మెంటు వెలసెను. పుట్టుకతోనే దోషియను ముద్ర అది. మద్రాసులో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. అదే ఎరుకలవారు స్వతంత్ర భారతమున షెడ్యూల్డు తెగగా గుర్తింపబడిరి. పేరు మారలేదు, పేరు ప్రక్కన వ్రాసిన మాట మారినది.

మరియొక ద్వారము కొండలది. గోదావరి ఏజెన్సీని 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టము మైదానమునుండి వేరు చేసెను. 1917లో కొండప్రజల భూములను ఇతరులు కొనరాదని మద్రాసు ప్రభుత్వము శాసించెను. 1935 చట్టమున ఇవి పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతములైనవి. 1950 తరువాత రాజ్యాంగపు అయిదవ అనుబంధములో షెడ్యూల్డు ప్రాంతములైనవి. పోలవరము, బుట్టాయగూడెము, జీలుగుమిల్లి దిక్కుల కోయలు, కొండరెడ్లు ఈ ద్వారమున వచ్చినవారు. పాపికొండల దాపుల కొండరెడ్లను గూర్చి హైమన్‌డార్ఫ్ పండితుడు 1945లో ఒక గ్రంథమే వెలువరించెను. వారి విషయమున గుర్తింపునకు కొండయే సాక్షి. కొల్లేటి వడ్డీలకు అట్టి సాక్షి లేదు. లంక చుట్టును నీరున్నను, ఆ నీటిని ఏ దొరయు ఏజెన్సీయని పిలువలేదు.

ఈ అతుకులబొంతను చేతపట్టుకొనియే 1950లో రాజ్యాంగము పట్టికలు సిద్ధము చేసెను. 341వ అధికరణము షెడ్యూల్డు కులములను గూర్చి, 342వ అధికరణము షెడ్యూల్డు తెగలను గూర్చి చెప్పును. రెండింటిలోను ఒక మాట ముఖ్యమైనది: ఆయా రాష్ట్రమునకు సంబంధించినంత వరకు. రాష్ట్రపతి గవర్నరును సంప్రదించి మొదటి పట్టిక ప్రకటించును. ఆ పిమ్మట దానిలో ఒక్క పేరు చేర్పవలెనన్నను, తీసివేయవలెనన్నను పార్లమెంటు చట్టము కావలెను. వెనుకబడిన తరగతుల పట్టిక అట్లు కాదు. రాష్ట్ర సర్వీసులకు, కళాశాలలకు రాష్ట్ర ప్రభుత్వమే దానిని కూర్చుకొనవచ్చును. కావున ఏలూరులోని ఒక సంఘము వెనుకబడిన తరగతిగా గుర్తింపు కోరినచో రాష్ట్ర రాజధానికి పోవలెను; షెడ్యూల్డు తెగగా గుర్తింపు కోరినచో ఢిల్లీకి పోవలెను. మన సమాఖ్యలో ఈ రెండు దారుల పొడవు ఒకటి కాదు.

పట్టిక రాష్ట్రమునుబట్టి యుండునని చెప్పినారు. మరి రాష్ట్రమే మారినచో? తెలుగువారికి ఈ ప్రశ్న వెంటనే ఎదురయ్యెను. భాషనుబట్టి రాష్ట్రము కావలెనన్న కోరిక 1913 బాపట్ల ఆంధ్ర మహాసభనాటిది. 1948లో ధార్ కమిషను దానిని తోసిపుచ్చెను. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరులో ప్రాణము లర్పించిన తరువాత, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినవి. భాష తన గుర్తింపును సరిహద్దు రూపమున పొందినది. కాని ఆ సరిహద్దు లోపల పట్టికలు కలిసిపోలేదు. 1956 నాటి ఉత్తర్వులో మద్రాసునుండి వచ్చిన ఆంధ్ర జిల్లాలకు ఒక జాబితా, హైదరాబాదునుండి వచ్చిన తెలంగాణ జిల్లాలకు మరియొక జాబితా నిలిచెను. సుగాలీలు, యానాదులు, ఎరుకలవారు ఆంధ్ర జిల్లాలలో షెడ్యూల్డు తెగలు. తెలంగాణ జిల్లాలలో కారు.

దీని ఫలితమును చింతలపూడిలో నిలిచి చూడవచ్చును. చింతలపూడి నాటి పశ్చిమగోదావరి జిల్లా. దాని ప్రక్కనే సత్తుపల్లి, ఖమ్మము జిల్లా. రెండును ఒకే రాష్ట్రము, మధ్య మామూలు బండిబాట. ఈ ప్రక్క తండాలో పుట్టిన లంబాడీ పిల్లవాడు షెడ్యూల్డు తెగవాడు. ఆ ప్రక్క తండాలో పుట్టిన మేనత్త కొడుకు వెనుకబడిన తరగతివాడు. 1970 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలో లంబాడీ లేక బంజారా, తెలంగాణ ప్రాంతమున అను పంక్తి ఉండెడిది. ఎరుకలవారికిని అట్టి పంక్తియే. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టము ఈ ప్రాంతీయ భేదమును తొలగించెను. అది 1977 జూలై 27న అమలులోనికి వచ్చెను. ఆ తరువాత ఆ పంక్తులు కొట్టివేయబడినవి. ఇరువది ఏండ్లకు పైగా నిలిచిన భేదమది. ఆ ఇరువది ఏండ్లలో ఎందరి చదువులు, ఎందరి ఉద్యోగములు బండిబాటకు ఏ ప్రక్క పుట్టిరన్న దానిపై ఆధారపడినవో ఊహింపవచ్చును. ఇది మాయగానే వేఱొక చిక్కు తల ఎత్తెను. తెలంగాణలో సంఖ్యాధికులైన లంబాడీలు చేరుటచే తమ వాటా తరిగినదని గోండులు, కోయలు వాపోయిరి. 2017 చివర ఆదిలాబాదు ప్రాంతమున ఆ అసంతృప్తి ఘర్షణగా పరిణమించెను.

ఇప్పుడు మరల ఒడ్డెల కడకు వత్తము. మైసూరు సంస్థానములో వీరిని వడ్డర్లని పిలిచెడివారు. ఆ పేరు తమకు తక్కువతనము తెచ్చుచున్నదని తలచి, వారి సంఘము పేరు మార్పు కోరెను. 1946లో మహారాజావారి ప్రభుత్వము ఇకపై సర్కారు వ్యవహారములలో వారిని భోయి లేక భోవి యని వ్రాయవలెనని ఉత్తర్వు చేసెను. 1950లో రాష్ట్రపతి ప్రకటించిన మైసూరు షెడ్యూల్డు కులముల జాబితాలో భోవి చేరెను; వడ్డర్ అను మాట లేదు. 1962 ఎన్నికలలో బెంగుళూరు దక్షిణ రిజర్వుడు స్థానమునుండి ఒక అభ్యర్థి గెలుపొందగా, ఓడిన పక్షము ఆయన భోవి కాడు, వడ్డరు, కావున ఎన్నిక చెల్లదని వాదించెను. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక పోయెను.

1964లో ఆ న్యాయస్థానము చెప్పిన తీర్పు నేటికిని ఈ విషయమున మూలస్తంభము. జాబితాలో లేని పేరును సాక్ష్యములు తెచ్చి జాబితాలో ఉన్న పేరుతో ముడిపెట్టుట సాధారణముగా కూడదని మొదట చెప్పిరి. అయితే ఈ వ్యాజ్యమున ఒక విశేషము గలదనిరి. పూర్వపు మైసూరు రాష్ట్రములో భోవి యను పేరుతో వేఱొక కులమే లేదు. రాష్ట్రపతి లేని కులమును జాబితాలో వ్రాసియుండరు గదా! కావున భోవి యనగా ఎవరో విచారింపక తప్పదు. విచారింపగా వారు వడ్డర్లేయని తేలినది. ఎన్నిక నిలిచెను. 1946లో ఒక సంఘము తన గౌరవము కొఱకు మార్చుకొన్న పేరు, నాలుగేండ్లకు రాజ్యాంగపు జాబితాలోనికి దారి చూపెను. ఆనాడు ఆ అర్జీపై సంతకములు చేసినవారు ఇంత దూరము ఆలోచించియుందురా? నాకు నమ్మకము లేదు. రాజ్యాంగసభ ఇంకను సమావేశము కాని దినములవి.

మద్రాసు రాజధానిలోని ఒడ్డెలకు అట్టి మార్పు జరుగలేదు. వారు షెడ్యూల్డు కులముల జాబితాలో చేరలేదు. గీత దాటి పోయినంత మాత్రమున గుర్తింపు వెంటరాదని 1990లో మరియొక తీర్పు స్పష్టము చేసెను. తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి, ఆంధ్రప్రదేశ్ జాబితాలో షెడ్యూల్డు తెగగా నున్న సముదాయమునకు చెందినవాడు. తండ్రి ఆ తెగల వాటాలోనే ఉద్యోగము పొంది బొంబాయికి పోగా, బాల్యముననే వెంటపోయెను. అచట వైద్య కళాశాలలో తెగల వాటా క్రింద ప్రవేశము కోరగా నిరాకరించిరి. గుర్తింపు ఆ రాష్ట్రమునకు సంబంధించినది. మనిషి కదలినను అది కదలదు అని సుప్రీంకోర్టు ధ్రువపరచెను. 2000లో రాజ్యాంగ ధర్మాసనము ఒక అడుగు ముందుకు వేసి, జాబితాలోని పేరును ఉన్నదున్నట్లు చదువవలెనే గాని, విచారణలు జరిపి విస్తరింపజేయుటకు న్యాయస్థానములకు గాని రాష్ట్ర ప్రభుత్వములకు గాని అధికారము లేదనెను. భోవి తలుపు ఒక్కసారి తెరచుకొని మూతపడినది.

సమాఖ్యలలో ఇట్టి చిక్కులు మనకే ప్రత్యేకము కావు. అమెరికాలో లంబీలనువారు గలరు. ఉత్తర కరొలైనా రాష్ట్రము 1885లోనే వారిని ఆదిమజాతిగా గుర్తించెను. కేంద్ర కాంగ్రెసు మాత్రము 1956లో చట్టము చేసి, లంబీ యను పేరును అంగీకరించి, ఆదిమజాతులకు ఇచ్చు సదుపాయములను ఆ చట్టముననే నిరాకరించెను. ఆంధ్రప్రదేశ్ జాబితాలు రెండుగా నిలిచిన సంవత్సరమే అది.

మన రాష్ట్రమున వెనుకబడిన తరగతుల కథ న్యాయస్థానముల నడుమ సాగెను. 1966 జాబితాను కులమే ఆధారమని చెప్పి 1968లో సుప్రీంకోర్టు త్రోసివేసెను. అనంతరామన్ కమిషను గ్రామములు తిరిగి 1970లో నివేదిక ఇచ్చెను. దానిపై అదే యేడు సెప్టెంబరులో వెలువడిన ఉత్తర్వు నాలుగు వర్గములు చేసి ‘ఎ’ వర్గమునకు నూటికి ఏడు స్థానములు కేటాయించెను. 1972లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. మొదట చెప్పిన ఒడ్డె, ఒడ్డిలు, వడ్డి, వడ్డెలు అను పంక్తి ఆ జాబితాలోనిదే. అదే వర్గమున అగ్నికులక్షత్రియులు, పల్లెవారు, జాలరులు, బెస్తలు ఉన్నారు. వాల్మీకి బోయలున్నారు. కొల్లేటి వడ్డీ తన సాటి వేటగాండ్రతో కలిసి ఒక వర్గములో నున్నాడు గాని, తన పంక్తిలో మాత్రము రాతి వడ్డెరతోనే యున్నాడు.

ఇక షెడ్యూల్డు తెగలలో చేర్పుమనుటకు ప్రమాణములేవి? 1965లో లోకూర్ సంఘము అయిదు చెప్పెను: ఆదిమ లక్షణములు, విలక్షణమైన సంస్కృతి, భౌగోళికముగా ఏకాంతవాసము, ఇతరులతో కలియుటకు బిడియము, వెనుకబాటు. ఈ కొలబద్దతో ఒక లంక గ్రామమును కొలిచి చూడుడు. వానాకాలమున దోనె తప్ప దారిలేని ఊళ్ళు మొన్నమొన్నటి దాక ఉండెడివి. ఏకాంతమునకు అంతకంటె ఏమి కావలెను? పెద్దింట్లమ్మ కొలువు, నీటి కథలు, వేట ఆచారములు విలక్షణములే. వెనుకబాటు సంగతి చెప్పనక్కరలేదు. కాని బిడియము? పట్టిన చేప సాయంత్రమునకు పాడగును. ఏలూరు బజారుకో, ఆకివీడు బజారుకో పోక తప్పదు. కలకత్తాకు రైలెక్కు చేపను పట్టినవాడు లోకముతో కలియుటకు సిగ్గుపడినచో బ్రదుకజాలడు. ఈ ప్రమాణములు అడవిని దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి; నీటిని దృష్టిలో పెట్టుకొని వ్రాసినవి కావని నా అభిప్రాయము. చేపలు పట్టు కులములకు తెగల గుర్తింపు కావలెనన్న కోరికలు మాటిమాటికి వచ్చి ముందుకు సాగకపోవుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

వాల్మీకి బోయల విషయము ఇంకను విచిత్రము. ఆంధ్రప్రదేశ్ తెగల జాబితాలో వాల్మీకి యను పేరున్నది. కాని 2003 నాటి సవరణ ప్రకారము విశాఖపట్టణము, శ్రీకాకుళము, విజయనగరము, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి జిల్లాల షెడ్యూల్డు ప్రాంతములలోని వారికే ఆ గుర్తింపు. రాయలసీమలో వేలకొలది ఊళ్ళలో నున్న బోయలకు లేదు. సరిహద్దుకు ఆవల కర్ణాటకమున 1991 సవరణతో బేడ, బేడర్, వాల్మీకి పేర్లు నాయక తెగ క్రింద చేరినవి. 2017 డిసెంబరులో ఒకమారు, 2023 మార్చిలో మరియొకమారు ఆంధ్రప్రదేశ్ శాసనసభ బోయలను తెగలలో చేర్పుమని తీర్మానించెను. తీర్మానము వలన జాబితా మారదు. జనగణన రిజిస్ట్రారు జనరలు, జాతీయ షెడ్యూల్డు తెగల కమిషను సమ్మతింపవలెను. ఆ పిమ్మట పార్లమెంటు. ఇంకొక ముచ్చట: పశ్చిమగోదావరి షెడ్యూల్డు ప్రాంతములన్నియు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినవి. తాడేపల్లిగూడెమున్న నేటి పశ్చిమగోదావరి జిల్లాలో ఏజెన్సీయే లేదు. 2003లో జాబితాలో వ్రాసినది మాత్రము పశ్చిమగోదావరియని.

బుట్టాయగూడెము కోయకు ఈ తీర్మానములు వినినప్పుడు కలుగు భయము అర్థము కానిది కాదు. రాష్ట్రమున తెగల వాటా నూటికి ఆరు. పెద్ద సముదాయములు చేరినచో, ఆ ఆరులోనే పంచుకొనవలెను. అంతేకాదు. 1959, 1970 నాటి భూబదలాయింపు నిబంధనల ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో భూమి తెగలవారి చేతనే ఉండవలెను. 1990 దశకమున పోలవరము, జీలుగుమిల్లి దిక్కుల భూతగాదాలలో ఎందరో జైళ్ళకు పోయిరి. తెగ యను మాటకు అచట ఎకరముల విలువ గలదు. అదే కారణమున వడ్డెర సంఘముల కోరికను, బోయల కోరికను అత్యాశయని తీసివేయుటయు తగదు. క్వారీలో రాయి కొట్టి బ్రదుకువానికి, గీత దాటినచో తనవారికి వేఱు గుర్తింపు ఉన్నదని తెలిసియు మౌనముగా ఉండుమనుట ఎట్లు?

కొల్లేటిలో వాటా ఉద్యోగములకంటె ముందు నీటిది. 1999 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము అయిదవ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రాంసార్ ఒడంబడిక పట్టికలో కొల్లేరు చేరెను. పట్టికలు మనుష్యులకే కాదు, సరస్సులకును ఉన్నవి. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వుపై అభయారణ్యములోని చేపల చెరువుల గట్లు తెగగొట్టిరి. 2008లో శాసనసభ అయిదవ కాంటూరును మూడవ కాంటూరునకు తగ్గింపుమని తీర్మానించెను. ఆ కాగితమును ఢిల్లీకే పోవలసి వచ్చెను. 1999 ప్రకటనలో సాంప్రదాయిక పద్ధతుల వేటకు అవకాశము విడిచిరి. వలవేయు చేయి ఎవరిది, చెరువు కౌలుకు తీసికొన్న చేయి ఎవరిది అను వివాదము అచట బయలుదేరెను. సాంప్రదాయిక మత్స్యకారుడనగా ఎవరు? గజపతి సైనికుని కథ చెప్పు వడ్డీయా, లంకలో పుట్టి వలపట్టిన ఏ కులమువాడైననా, సహకార సంఘపు పుస్తకములో పేరున్నవాడా? చెరువుల కాలమున డబ్బు పెట్టినవారు చాలమంది లంకలవారు కారు. వారి పెట్టుబడి పోయెను. లంకవాడికి కూలి పోయెను. నష్టపరిహారము, ప్రత్యామ్నాయోపాధి అను మాటలు వచ్చినప్పుడెల్ల మొదటి ప్రశ్న, జాబితాలో ఎవరెవరున్నారు అనియే.

1931 తరువాత దేశ జనగణనలో అన్ని కులములను లెక్కింపలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జనవరిలో స్వయముగా ఒక కులగణన నడపినది. తదుపరి దేశ జనగణనలో కులములను లెక్కింతుమని 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. గణకుడు లంకలోని ఇంటికి వచ్చినప్పుడు వడ్డీ యని చెప్పవలెనా, వడ్డెలు అని చెప్పవలెనా, ఒడ్డె యని వ్రాయించవలెనా? ఒకటి చెప్పినచో రాతి వడ్డెరల లెక్కలో కలిసిపోవుదురు. మరియొకటి చెప్పినచో జాబితాలోని అక్షరములతో సరిపోలునా లేదా చూచుకొనవలెను. ధ్రువపత్రములో నున్న మాటకును నోట చెప్పిన మాటకును ఒక్క అక్షరము తేడా వచ్చినను మండల కార్యాలయము చుట్టు తిరుగవలసిన పని ఎవరికి పడునో లంకలవారికి తెలియును. గణకుడు గుమ్మములో నిలుచునంతవరకు ఆగక, ఇంటివారు ముందే కూర్చుండి ఆ మాటను తేల్చుకొనుట మేలు.